కావలివానికిని ఖైదీకిని నడుమ

(నెల పాఠము)

చదువవలసిన భాగములు: ఆదికాండము 39:20 నుండి 40:23 వరకు, అపొస్తలుల కార్యములు 16:22–34, 24:24–27, 27వ అధ్యాయము.

పాఠమందలి ముఖ్య విషయము: తాళపుచెవి ఎవని చేతిలో నున్నదో, నమ్మికకు మొదటి అడుగు వేయవలసినవాడు అతడే.



ఈ నెల పాఠము చెరసాలను గూర్చినది. మన పల్లె సంఘమునకు చెరసాలతో ఏమి పని యని కొందరనుకొనవచ్చును. అయితే వచ్చు ఆదివారము ఆరాధనకు కూడియున్న వారిని ఒక్కొక్కరిగా చూడుడి. ఒకచోట కానిస్టేబులు తల్లి కూర్చున్నది. ఆమె వెనుక హోంగార్డుగా పనిచేయు యువకుడు, జైలు వార్డరు ఉద్యోగము చేసి పింఛను పుచ్చుకొనుచున్న పెద్దాయన ఉండవచ్చును. గుడి తలుపు దగ్గర, అందరికంటె వెనుక, తలవంచుకొని ఒక స్త్రీ కూర్చుండును. ఆమె కుమారుడు సబ్ జైలులో నున్నాడు. కూలి మానుకొని, రెండు బస్సులు మారి, ఆమె ములాఖాతుకు పోయి వచ్చుచున్నది. ఆ సంగతి అందరికి తెలియును. అయినను ఎవరును ఆమెను పలుకరించి అడుగరు. వార్డరును, ఖైదీ తల్లియు ఒకే బల్లయొద్ద ఒకే రొట్టెలో పాలుపొందుచున్నారు. కాబట్టి ఈ పాఠము మనదే.

మన దేశమందలి చెరసాలలలో 2022వ సంవత్సరము చివరిదినమున 5,73,220 మంది యుండిరి. అందరికి కలిపి ఉన్న చోటు 4,36,266 మందికి మాత్రమే. ఉన్నవారిలో 4,34,302 మంది, అనగా నూటికి 75 మందికి పైగా, ఇంకను విచారణలో నున్నవారు. వారి నేరము అప్పటికి రుజువు కాలేదు. ఇంతమంది మన బిడ్డలను ప్రతిదినము చూచువారు న్యాయాధిపతులు కారు. వార్డర్లు, కానిస్టేబుళ్లు, ప్రొబేషను అధికారులు, కోర్టు గుమాస్తాలు వారిని చూచుచున్నారు. తప్పు చేసినవాడు తిరిగి మనుష్యుడగునా, మరింత చెడిపోవునా అనునది చాలవరకు ఈ చిన్న ఉద్యోగులకును వానికిని నడుమ ఏమి పుట్టునో దానిమీద ఆధారపడియున్నది. భయము పుట్టవచ్చును. పగ పుట్టవచ్చును. నమ్మికయు పుట్టవచ్చును. ఆ నమ్మిక ఎట్లు పుట్టునో ఈ పాఠములో నేర్చుకొందము.

1. ఓడలో ఇద్దరు

అపొస్తలుల కార్యముల 27వ అధ్యాయమును మనము తుపాను కథగా చదువుట అలవాటు. ఈసారి దానిని ఒక అధికారియు ఒక ఖైదీయు చేసిన ప్రయాణముగా చదువుడి. శతాధిపతియైన యూలి కావలివాడు. పౌలు ఖైదీ. ఆ దినములలో ఖైదీ తప్పించుకొనిన యెడల కావలివాని ప్రాణమునకే ముప్పు. పేతురు చెరనుండి బయటపడినప్పుడు హేరోదు కావలివారిని చంపింపలేదా? ఈ సంగతి మనస్సులో నుంచుకొని యూలి చేసిన పని చూడుడి.

ఓడ బయలుదేరిన మరునాడే సీదోనులో ఆగినది. పౌలును అతని స్నేహితుల యొద్దకు వెళ్లి పరామర్శ పొందుటకు యూలి సెలవిచ్చెను. ఇది చిన్న ఉపకారము. అయినను దీనిలో పెద్ద పణము గలదు. మొదటి అడుగు ఖైదీ వేయలేదు, వేయజాలడు. కట్లలో నున్నవాడు "నన్ను నమ్ము" అని చెప్పుట సులభమే గాని ఆ మాటకు విలువ ఎక్కడిది? తాళపుచెవి గలవాడే మొదట కొంచెము నమ్మి చూడవలెను. యూలి ఒక పగటికి సరిపడునంత నమ్మెను. పౌలు మరల ఓడ యెక్కెను. ఆ పగలు ఇద్దరికిని మొదటి పాఠమాయెను.

అయితే నమ్మిక ఒక్కదినములో నిండదు. మంచిరేవులలో పౌలు ప్రయాణము అపాయకరమని హెచ్చరించినప్పుడు యూలి అతని మాట వినలేదు; నావికుని మాటయు ఓడ యజమానుని మాటయు వినెను. ఇందులో ఆశ్చర్యమేమి? సముద్రమును గూర్చి ఖైదీ చెప్పిన దానిని ఏ అధికారి వినును? తరువాత ఊరకులోను గాలి విసరి, అనేక దినములు సూర్యుడైనను నక్షత్రములైనను కనబడక పోయినప్పుడు, పౌలు చెప్పినదే నిజమాయెనని తేలెను. పౌలు తన మాట వినవలసియుండెనని ఒకమారు జ్ఞాపకము చేసెను గాని, అంతటితో ఆపి, వెంటనే వారికి ధైర్యము చెప్పెను.

ఆ తరువాత నావికులు పడవ దింపి పారిపోజూచిరి. వీరు ఓడలో ఉండనియెడల మీరు తప్పించుకొనలేరని పౌలు యూలితోను సిపాయిలతోను చెప్పగా, ఈసారి సిపాయిలు పడవ త్రాళ్లు కోసివేసిరి. ఖైదీ మాటమీద సిపాయిలు తమ ఏకైక పడవను సముద్రమునకు విడిచిరి! తుదకు ఓడ బద్దలగునప్పుడు, ఖైదీలు ఈది పారిపోవుదురేమో యని సిపాయిలు వారిని చంప నాలోచించిరి. యూలి పౌలును కాపాడగోరి ఆ ఆలోచన మాన్పించెను. పౌలు ఒక్కడే కాదు, మిగిలిన ఖైదీలందరును బ్రదికిరి. ఓడలోని 276 మందియు దరిచేరిరి.

చూచితిరా? సీదోనులో ఒక పగలు, మంచిరేవులలో ఒక తప్పిదము, తుపానులో ఒక హెచ్చరిక, చివరకు ఒక ప్రాణరక్షణ. నమ్మిక ఈ విధముగా మెట్టుమెట్టుగా పెరుగును. నడుమ ఒకమారు తప్పినంత మాత్రమున చావదు. ఒక ఖైదీకిని ఒక అధికారికిని నడుమ పెరిగినది, వారితో సంబంధములేని అనేకుల ప్రాణములకు ఆధారమాయెను.

2. నమ్మిక వంటిదే గాని నమ్మిక కానిది

ఇందుకు భిన్నముగా ఫేలిక్సును చూడుడి. ఇతడును పౌలును మాటిమాటికి పిలిపించుకొని సంభాషించెను. బయటినుండి చూచువారికి వారిద్దరు స్నేహితులుగా కనబడియుందురు. అయితే లేఖనము అతని హృదయమును విప్పి చూపుచున్నది: పౌలు తనకు ద్రవ్యమిచ్చునని అతడు ఆశించెను. రెండేండ్లు ఇట్లు గడచెను. వెళ్లిపోవునప్పుడు యూదులకు ఇష్టుడు కావలెనని పౌలును బంధకములలోనే విడిచిపెట్టెను.

ములాఖాతుకు వచ్చిన తల్లి కొంగుముడి చూచి మాటలాడుట ఎక్కడ జరిగినను అది ఫేలిక్సు దారియే. దానిని మనవారు కంచె చేను మేయుట యందురు. తీయని మాటలు నమ్మిక కావు. లాభము చూచుకొనువాడు ఎన్నిమారులు పిలిచి మాటలాడినను నమ్మిక పుట్టదు. ఖైదీలు చదువు రానివారైనను ఈ భేదమును త్వరగా కనిపెట్టుదురు.

మన దేశ చరిత్రలోనే మరియొక విధమైన అవిశ్వాసము గలదు. 1871లో ప్రభుత్వము నేరస్థ తెగల చట్టమును చేసెను. తరువాత దానిని మద్రాసు రాజధానికిని వర్తింపజేసిరి. ఎరుకలవారు మొదలగు కులములలో పుట్టిన యెవరినైనను, వారు తప్పు చేసినను చేయకున్నను, అధికారులు పట్టీలో వ్రాయించి, పోలీసులయెదుట హాజరు పలికింపవచ్చును. స్టువర్టుపురములో రక్షణసైన్యము వారును, కావలిలో బాప్టిస్టు మిషను వారును అట్టివారికొరకు సెటిల్మెంట్లు నడిపిరి. అక్కడ బడియు పనియు దొరికినవి. అయినను తలుపు వెలుపల చట్టపు తాళము వ్రేలాడుచునే యుండెను. 1952లో ఆ చట్టము దేశమంతట రద్దాయెను. కాని పుట్టుకనుబట్టి మనుష్యుని దొంగ యని పిలిచిన అవమానము చట్టముతోపాటు రద్దు కాలేదు. మేలు చేయ వచ్చినవారును అనుమానమును చేతబట్టుకొని వచ్చినయెడల, ఆ మేలు సహా చెరగానే కనబడును. ఇది మన సంఘములు తమ చరిత్రలోనుండి వినయముతో నేర్చుకొనవలసిన పాఠము.

3. బోస్టను నగరమందలి బూట్లు కుట్టువాడు

ఇప్పుడు అమెరికాలోని బోస్టను నగరమునకు పోవుదము. అక్కడ జాన్ ఆగస్టసు అను ఒకడు బూట్లు కుట్టి జీవించుచుండెను. తోలుపని మన సంఘములలో అనేకుల తాతలు ఎరిగిన పనియే గదా. 1841వ సంవత్సరము ఆగస్టు నెలలో ఒక ఉదయమున అతడు పోలీసు కోర్టులో నుండగా, చినిగిన బట్టలతో నున్న ఒక త్రాగుబోతును తీసికొనివచ్చిరి. ఆగస్టసు అతనితో మాటలాడి, ఇకను త్రాగనని మాటయిచ్చినయెడల బాగుపడగలడని తలంచి, న్యాయాధిపతి సెలవుతో జామీను నిలిచెను. మూడు వారములకు వాయిదా పడెను. ఆ దినమున అతడు వచ్చినప్పుడు మనిషి గుర్తుపట్టరానంత మారియుండెను. న్యాయాధిపతి సంతోషించి, కారాగారమునకు పంపుటకు బదులు ఒక్క సెంటు జరిమానా వేసెను. కోర్టు ఖర్చులతో కలిపి అది 3 డాలర్ల 76 సెంట్లాయెను. ఆ మనుష్యుడు అక్కడనే చెల్లించి వెళ్లెను.

అది మొదలుకొని 1859లో తాను చనిపోవువరకు ఆగస్టసు 1,900 మందికి పైగా స్త్రీపురుషులకు జామీను నిలిచెను. అతడు కనబడిన ప్రతివానిని గ్రుడ్డిగా నమ్మలేదు. వారి వయస్సు, పూర్వ నడత, ఏ సహవాసములోనికి మరల పోవుదురు అను సంగతులు జాగ్రత్తగా విచారించెను. వారికి పని వెదకెను, ఉండుటకు ఇల్లు చూపెను, చిన్నవారిని బడికి పంపెను. వారు ఎట్లు నడుచుకొనుచున్నారో కనిపెట్టి న్యాయాధిపతికి తెలియజేయుచుండెను. అందరును అతనిని మెచ్చుకొనలేదు. ఒక్కొక్క మనిషిని చెరసాలకు పంపినందుకు కోర్టు బంట్రోతులకు కొంత రుసుము దొరకుచుండెను. ఆగస్టసు జామీను నిలిచిన ప్రతిమారును వారికి ఆ రుసుము పోయెను గనుక వారు అతనిమీద కోపించిరి. అతని సొంత వ్యాపారమును దెబ్బతినెను.

అతని మరణానంతరము 1878లో మసాచుసెట్సు రాష్ట్రము ఈ పనికి జీతమిచ్చి అధికారిని నియమించుటకు చట్టము చేసెను. ఇంగ్లండులో 1876లో పోలీసు కోర్టులకు మిషనరీలను పంపు పని మొదలాయెను. 1907లో అక్కడి చట్టము ప్రొబేషను అధికారికి ఆలోచన చెప్పుట, సహాయము చేయుట, స్నేహితుడై యుండుట అను మూడు పనులను అప్పగించెను. స్నేహితుడై యుండుటయే ఉద్యోగధర్మమని చట్టములో వ్రాయుట ఎంత విశేషము!

4. మన దేశములో ఉన్న మార్గము

మన దేశములో 1958లో నేరస్థుల ప్రొబేషను చట్టము చేయబడెను. దీనిని మన పల్లెలలో ఎరిగినవారు తక్కువ. మరణశిక్షయైనను యావజ్జీవ శిక్షయైనను పడదగినది కాని నేరమైనయెడల, మనుష్యుని స్వభావమును పరిస్థితులను చూచి, న్యాయస్థానము అతనిని వెంటనే చెరకు పంపక, మంచినడతకు ముచ్చలిక వ్రాయించుకొని మూడేండ్లకు మించని కాలమునకు విడిచిపెట్టవచ్చును. ఇరువదియొక సంవత్సరములు నిండని వారి విషయములో చట్టము మరింత జాగ్రత్త వహించుచున్నది. యావజ్జీవ శిక్ష పడదగినది కాని నేరమైనయెడల, న్యాయాధిపతి ప్రొబేషను అధికారి నివేదికను తెప్పించుకొని, విడిచిపెట్టుట తగదని తోచిననే చెరశిక్ష వేయవలెను. అందుకు కారణములను వ్రాయవలెను.

ఆ అధికారి పనులేవి? విచారించి నివేదిక వ్రాయుట. విడుదలైన వానిని కనిపెట్టుచుండుట. అవసరమైనచో పని వెదకిపెట్టుట. నష్టపోయినవానికి పరిహారము చెల్లింప న్యాయస్థానము ఆజ్ఞాపించినయెడల దానిని చెల్లించుటకు తోడ్పడుట. అనగా ఒకే మనుష్యుడు ఒక చేత కర్రయు, ఒక చేత దీపమును పట్టుకొనవలెను. ఈ ఉద్యోగములోని కష్టము ఇదియే. కర్ర మాత్రమే చూపినయెడల ఎదుటివాడు తన బాధ దాచును. దీపము మాత్రమే చూపినయెడల మరల తప్పులో పడుటకు జంకడు.

5. నమ్మికకు నాలుగు మెట్లు

ఈ సంగతి తేటపడుటకు ఒక ఉదాహరణ అనుకొందము. పందొమ్మిదేండ్ల యువకుడొకడు చెడు స్నేహమువలన రాత్రివేళ పొరుగువాని పొలములో మోటారు పగులగొట్టి రాగితీగ తీసి అమ్ముకొనెను. నీరు లేక ఆ రైతు వరిచేను ఎండిపోయెను. న్యాయస్థానము యువకునికి ఇది మొదటి నేరమని చూచి, ముచ్చలిక వ్రాయించుకొని, రైతునకు పరిహారము చెల్లింపుమని ఆజ్ఞాపించి, ప్రొబేషను అధికారి పర్యవేక్షణలో విడిచిపెట్టెను. ఇప్పుడు ఆ అధికారి ఏమి చేయవలెను?

మొదటి మెట్టు: ఉన్నది ఉన్నట్లు చెప్పుట. మొదటి దినముననే అధికారి తన రెండు బాధ్యతలను స్పష్టము చేయవలెను. "అబ్బాయి, నీకు పని వెదకుటలో నేను నీ పక్షమున నుందును. నీవు షరతు తప్పినయెడల కోర్టుకు వ్రాయుదును. ఈ రెండును ముందే చెప్పుచున్నాను" అనవలెను. ఏది రహస్యముగా నుంచును, ఏది నుంచలేడు అనునది చెప్పవలెను. తరువాత తెలిసిన నిజముకంటె ముందు చెప్పిన కఠినమాట మేలు.

రెండవ మెట్టు: చిన్న మాట నిలుపుకొనుట. మంగళవారము పది గంటలకు రమ్మని చెప్పి, వాడు కూలి పోగొట్టుకొని వచ్చి సాయంత్రము వరకు కాచుకొని వెనుకకు పోయినయెడల, ఆ దినమున వాడు నేర్చుకొనినది ఏమి? మాటకు విలువలేదని నేర్చుకొనెను. పానదాయకుల అధిపతి యోసేపును మరచిపోయినందున ఆ నీతిమంతుడు చెరలో ఇంకను రెండు నిండు సంవత్సరములు గడపెను. మరచినవానికి అది చిన్న సంగతి. కాచుకొనినవానికి అది రెండేండ్లు. అధికారులారా, చేయలేనిది చేసెదనని చెప్పకుడి. కనుగొని చెప్పెదనని చెప్పినది చిన్నదైనను కనుగొని చెప్పుడి.

మూడవ మెట్టు: గట్టిగా, అయితే న్యాయముగా నుండుట. యువకుడు ఒక నెల హాజరు కాలేదనుకొనుడి. ఊరకొనుట దయ కాదు. వెంటనే నోరు చేసికొని తిట్టుటయు న్యాయము కాదు. ఎందుకు రాలేదో మొదట అడిగి, చెప్పునది చివరివరకు విని, అందరికిని వర్తించు నియమమునే వానికిని వర్తింపజేసి, కారణము చెప్పవలెను. చట్టము సహా ఇట్టి ఓర్పు చూపుచున్నది: షరతు మొదటిసారి తప్పినయెడల న్యాయస్థానము ముచ్చలికను కొనసాగించి, 50 రూపాయలకు మించని జరిమానా వేయుటకును వీలు గలదు. కొత్తగా కాడి కట్టిన కోడె మొదటి చాలు వంకర తీసినదని దానిని కటికవానికి అమ్ము రైతు ఉండునా? పగ్గము వదలడు, ములుకర్రతో పొడిచి పొడిచి బెదరగొట్టడు. మరల చాలులోనికి తిప్పును. అమెరికాలో 2007లో ప్రచురింపబడిన ఒక పరిశీలనయు ఈ సంగతినే చూపినది: న్యాయము, శ్రద్ధ, నమ్మిక కలిగి గట్టిగా నుండు అధికారుల యొద్దనున్నవారు షరతులను ఎక్కువగా పాటించిరి, ఉత్త కాఠిన్యము చూపిన చోట తప్పినవారు ఎక్కువైరి.

నాలుగవ మెట్టు: ముఖము చూచి అడుగుట. యోసేపు చెరసాలలో ఉదయమున ఇద్దరు తోటి ఖైదీల ముఖములు చిన్నబోయియుండుట చూచి, కారణమడిగెను. అతడు తానే ఖైదీ. అయినను చెరసాల అధిపతి అతనికి అందరిని అప్పగించియుండెను గనుక ఆ పనిలో అతడు సేవకుడు. అన్నము పెట్టుట, లెక్క చూచుట అతని పని. ముఖము చూచుట ఎవరును అతనికి చెప్పని పని. దానినుండియే తరువాతి కథయంతయు నడచినది. ఖైదీని నంబరుతో గాక పేరుతో పిలుచుట, అమ్మ జబ్బు తగ్గినదా యని అడుగుట, బెదరింపు లేకుండ మాటలాడుట: వీటికి బడ్జెటు అక్కరలేదు.

ఇట్లు నమ్మి చూచిన స్థలములు మన దేశములో నున్నవి. రాజస్థానులోని సాంగానేరులో 1963లో మొదలైన బహిరంగ చెరసాలలో ఖైదీలు కుటుంబములతో కాపురముండి, బయట పనికి పోయి, సాయంత్రపు హాజరుకు తిరిగి వచ్చుదురు. తమలో తాము పంచాయతీ నడుపుకొందురు. మన అనంతపురము దగ్గర 1965లో ఖైదీల వ్యవసాయ క్షేత్రము ఏర్పడెను. తెలంగాణలో జైళ్ల శాఖవారి పెట్రోలు బంకులలో ఖైదీలును విడుదలైనవారును పని చేసి, దినమంతయు చేతులలో రూకలు త్రిప్పుచున్నారు. దొంగతనము చేసినవాని చేతికి డబ్బు అప్పగించుట వెఱ్ఱితనము కాదా యని లోకము అడుగును. మెట్టుమెట్టుగా అప్పగించినప్పుడు అది వెఱ్ఱితనము కాదు. యూలి సీదోనులో చేసినది అదియే.

6. ఖైదీ వంతు

రెండు చేతులు కలిసిననే గదా చప్పుడు. తాళపుచెవి గలవాడు మొదటి అడుగు వేసిన తరువాత రెండవ అడుగు ఖైదీది. ఫిలిప్పీ చెరసాలలో భూకంపము వచ్చి తలుపులన్నియు తెరచుకొనినను, పౌలును సీలయు పారిపోలేదు. ఆ చెరసాల నాయకుడు వారి కాళ్లకు బొండ వేసి బిగించినవాడే. అతడు కత్తి దూసి తనను చంపుకొనబోగా, మేమందరము ఇక్కడనే యున్నామని పౌలు కేక వేసి ఆ కావలివాని ప్రాణము కాపాడెను. ఆ రాత్రియే అతడు వారి గాయములు కడిగెను. కొట్టబడినవాడు కాపాడెను, బిగించినవాడు కడిగెను.

చెరలోనున్న మన బిడ్డలకు మనము వ్రాయు ఉత్తరములలో ఈ మాట ఉండవలెను: వాయిదాకు తప్పక రండి, నిజము చెప్పండి, ఒక అధికారి మీకొరకు మాట పణముగా పెట్టినయెడల ఆ మాటను పడగొట్టకండి. మీరు తప్పిపోయినయెడల మీ వెనుక జామీను కోరు పదిమందికి తలుపు మూయబడును. మీరు నిలిచినయెడల వారికి తలుపు తెరువబడును. ఎండిన చేను రైతును మరువకండి. అతనికి చెల్లింపవలసినది చెల్లించుటయు మారుమనస్సులో భాగమే.

7. మన సంఘము వంతు

మొదటిది. జైలు ఉద్యోగము, పోలీసు ఉద్యోగము చేయు మన వారికొరకు ప్రార్థించుడి. చాలని సిబ్బంది, చాలని చోటు, చాలని నిద్రతో వారు పనిచేయుచున్నారు. గౌరవము ఎరుగని అలసిన మనుష్యుడు గౌరవమిచ్చుట కష్టము.

రెండవది. పేదరికమువలన చెరలో మగ్గువారికి చట్టములో నున్న ద్వారములను తెలిసికొని చెప్పుడి. నిర్బంధములో నున్నవారికి, స్త్రీలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి 1987 చట్టము ప్రకారము ఉచిత న్యాయ సహాయము గలదు. 15100 అను నంబరుకు ఫోను చేయవచ్చును. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన కొత్త నేరవిచారణ చట్టము ప్రకారము, మొదటిసారి కేసులో పడినవాడు ఆ నేరమునకు గరిష్ఠ శిక్షలో మూడవ వంతు కాలము విచారణలోనే గడపినయెడల ముచ్చలికమీద విడుదల పొందుటకు అర్హుడు. ఆ సంగతి న్యాయస్థానమునకు వ్రాయుట జైలు సూపరింటెండెంటు విధి. మరణశిక్ష, యావజ్జీవ శిక్ష పడదగిన నేరములును, ఒకటికంటె ఎక్కువ కేసులున్నవారును దీనికి వెలి.

మూడవది, అన్నిటికంటె కష్టమైనది. విడుదలైనవాడు ఊరికి వచ్చినప్పుడు మనమేమి చేయుదుము? అధికారి మూడేండ్లు కష్టపడి నాటిన నమ్మికను మన అరుగుమీది ఒక్క మాట పెరికివేయగలదు. ఊరిలో కోడి పోయినను వాని ఇంటివైపే చూచుట మన అలవాటు. వానికి కూలి ఎవరిచ్చెదరు? కోతకు ఎవరు పిలిచెదరు? ఆగస్టసు ధనవంతుడు కాడు, ఉద్యోగి కాడు. అతడు కోర్టులో లేచి నిలిచి వీనికి నేను పూచీ యనెను. మన సంఘములో ఒక్కొక్క విడుదలైనవానికి ఒక్కొక్క పెద్ద అట్లు పూచీ నిలిచినయెడల, ప్రొబేషను అధికారి పని సగము తేలికపడును.

గుడి తలుపు దగ్గర కూర్చుండు ఆ తల్లి ప్రక్కన వచ్చు ఆదివారము ఎవరైనను పోయి కూర్చుండుడి. ములాఖాతు దినమున ఆమెకు తోడుగా బస్సెక్కుడి. ఆ కాలము సేపు కూలి పోవును, పోనిండు. మన సంఘమునకు సీదోను అక్కడనే మొదలగును.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. యూలి పౌలును మొదట ఎంతవరకు నమ్మెను? చివరకు ఎంతవరకు? నడుమ ఏమి జరిగెను?
2. ఫేలిక్సు సంభాషణకును యూలి దయకును భేదమేమి? మన కార్యాలయములలో ఏది ఎక్కువగా కనబడుచున్నది?
3. దయ చూపుచు గట్టిగా నుండుట సాధ్యమా? మీ ఇంటిలో బిడ్డలను పెంచుటనుండి ఉదాహరణ చెప్పుడి.
4. నష్టపోయిన రైతునకు న్యాయము జరుగకుండ యువకునికి క్షమాపణ చెప్పించుట సరియేనా?
5. మన ఊరిలో చెరనుండి వచ్చినవారు ఉన్నారా? వారికి పూచీ నిలువగల పెద్ద ఎవరు?

ప్రార్థన

చెరసాలలో యోసేపునకు తోడైయుండిన దేవా, తాళపుచెవులు ధరించినవారికి న్యాయమును ఓర్పును దయచేయుము. కట్లలో నున్నవారికి నిజము పలుకు ధైర్యమిమ్ము. నష్టపోయినవారి కన్నీటిని మరువకుము. తిరిగి వచ్చువారికి మా వాకిళ్లు తెరచియుండునట్లు మా అనుమానములను తీసివేయుము. చిన్న మాటను నిలుపుకొనుట మా అందరికి నేర్పుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.